మాటా మనదే, బీటూ మనదే

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ర్యాప్ చేస్తున్న తెలుగు కుర్రాళ్లు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. సినిమా అవకాశం లేకుండా, వెనుక ఏ కంపెనీ లేకుండా, సొంతంగా పాటలు చేసుకుంటూ ఈ రంగంలో బతకగలమా అన్నది వారి సందేహం. నేను బరంపురంలో ఉంటూ బీట్లు, అంటే ర్యాప్ మాటల కింద నడిచే సంగీతం, చేస్తాను, తెలుగులో ర్యాప్ రాస్తాను, ఇతరుల పాటలు రికార్డు చేసి, మిక్స్ చేసి ఇల్లు గడుపుకుంటాను. బతకవచ్చన్నదే నా సమాధానం. అయితే మాట రాయడంతో పాటు బీట్ చేయడం కూడా చేతనైనవాడికి ఈ వృత్తిలో నిలదొక్కుకునే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే పాటకు సంబంధించిన హక్కులన్నీ అతని దగ్గరే ఉంటాయి. గొంతు ఎంత గొప్పదైనా, బీట్ కోసం ప్రతిసారీ మరొకరి గుమ్మం ఎక్కేవాడి పాటలో సగం మొదటి రోజునే పరాయిది అయిపోతుంది.

ఈ సంగతి మా మేనల్లుడి విషయంలో దగ్గరగా చూశాను. డిగ్రీ చదువుతూ ర్యాప్ మొదలుపెట్టిన వాడు, ఇంటర్నెట్‌లో దొరికే ఒక బీట్‌ను తక్కువ ధరకు లీజుకు తీసుకుని, తమ వీధి గురించి ఒక పాట చేశాడు. పాట బాగుంది, వీధిలోని పెద్దలు కూడా విన్నారు. కొద్ది రోజులకే ఆ పాట మీద యూట్యూబ్‌లో హక్కు తమదంటూ ఒక క్లెయిమ్ వచ్చింది. అదే బీట్‌ను లీజుకు తీసుకున్న వేరెవరో తమ పాటను ముందుగా యూట్యూబ్‌లో పాటలను పోల్చి చూసే కంటెంట్ ఐడీ అనే యంత్రంలో నమోదు చేసుకోవడంతో, యంత్రం రెండు పాటల్లోనూ ఒకే సంగీతాన్ని గుర్తుపట్టి, వీడి పాట మీద వచ్చే ఆదాయాన్ని వారి వైపు మళ్లించింది. "మావయ్యా, గొంతు నాది, మాటలు నావి, డబ్బులు మాత్రం ఎవరికో ఎల్తన్నాయి, ఇదేటి?" అని వాడు అడిగినప్పుడు, లీజు కాగితం ముందు పెట్టుకుని ఇద్దరం వాక్యం వాక్యం చదివాము. ఆ బీట్ వాడొక్కడికే ఇచ్చింది కాదని, ఎంతమందికైనా అమ్ముకునే హక్కు చేసినవాడి దగ్గరే ఉందని, వినేవారి సంఖ్య ఒక పరిమితి దాటితే మళ్లీ డబ్బు కట్టాలని అందులో స్పష్టంగానే ఉంది. వాడు ఆ నెలలోనే బీట్ చేయడం నేర్చుకోవడానికి మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

మన దేశంలో అమలులో ఉన్న 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఒక్క పాటలో మూడు వేర్వేరు ఆస్తులున్నాయి. సాహిత్యం ఒకటి, సంగీతం ఒకటి, ఈ రెండూ కలిసి రికార్డయిన శబ్దం మరొకటి. మొదటి రెండింటి మీద హక్కు రాసినవారి జీవితకాలమూ, ఆ తరువాత 60 సంవత్సరాలూ ఉంటుంది. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 సంవత్సరాలు ఉంటుంది, అది ఆ రికార్డింగ్ చేయించే చొరవ, బాధ్యత తీసుకున్న నిర్మాతకు చెందుతుంది. ఈ మూడో దాన్నే మా రంగంలో మాస్టర్ అంటాము. సొంత గదిలో సొంత బీట్ మీద సొంత మాట రికార్డు చేసుకున్న మనిషికి ఈ మూడూ ఒకేసారి దక్కుతాయి.

మా గది గురించి ఇక్కడ చెప్పడం అవసరం, ఎందుకంటే పెద్ద స్టూడియో లేనిదే ఈ పని కాదనే భయం చాలామందిలో ఉంది. ఒక ల్యాప్‌టాప్, మైకును దానికి కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, ఒక మంచి హెడ్‌ఫోన్, ఇంతకుమించి మా దగ్గర పెద్దగా ఏమీ లేదు. 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో మొదలై ఇప్పుడు ఎఫ్ఎల్ స్టూడియోగా పిలువబడుతున్న, బీట్లు చేసుకునే బెల్జియం సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి కొంటే తరువాతి అప్‌డేట్లన్నీ ఉచితంగా వస్తాయి కాబట్టి, చిన్న ఊరి కుర్రాడికి అది మోయగలిగిన ఖర్చే. గోపాలపూర్ సముద్రం దగ్గరగా ఉన్నందువల్ల మా గాలిలో తేమ ఎక్కువ, మైకును వాడనప్పుడల్లా సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టి మూయకపోతే కొంతకాలానికే శబ్దంలో చిటపటలు వినిపిస్తాయి. గోడలకు పాత బొంతలు వేలాడదీసి, ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి రికార్డు చేస్తాము. మెయిన్ లైను మీద గూడ్సు బండి వెళ్లేటప్పుడు మాత్రం అందరూ ఆగవలసిందే, ఆ దడ బొంతలకు ఆగేది కాదు.

బీట్ అనగానే అందరూ వాడే శబ్దాల ప్యాకులనే వెతుక్కోవడం నాకు నచ్చదు. మా ఊరికి పట్టుచీరల ఊరనే పేరు తెచ్చిన దేరా నేతవారి పూర్వీకులు తెలుగు నేల నుంచి వచ్చినవారే, వారి వీధుల్లో ఇప్పటికీ మగ్గాలు ఆడుతున్నాయి. మా దూరపు బంధువైన ఒక తాతగారి ఇంట మగ్గం నడుస్తుండగా మైకు పెట్టి రికార్డు చేశాను. తాడు లాగగానే నూలు మోసే నాడె అవతలి చివర కర్రకు తగిలి టక్కుమంటుంది. ఆ వెంటనే నేతను బిగించే పలకను దగ్గరకు లాగి గుద్దినప్పుడు బరువైన దెబ్బ పడుతుంది. కాలి కింద తొక్కుడు కర్రలు మారేటప్పుడు చిన్న కిర్రు వినిపిస్తుంది. వీటిని విడివిడిగా కత్తిరించి, టక్కును స్నేర్‌గా (డ్రమ్ముల్లో పదునైన చప్పుడు), దెబ్బను కిక్‌గా (బరువైన అడుగు దెబ్బ), కిర్రును హై హ్యాట్ (సన్నని తాళాల చప్పుడు) స్థానంలో పెట్టాను. చెక్క దెబ్బకు అడుగు బరువు చాలదు కాబట్టి, 1980లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ యంత్రం నుంచి హిప్‌హాప్‌కు వారసత్వంగా వచ్చిన లోతైన బేస్‌ను దాని కింద పరిచాను. చిన్న ఫోన్ స్పీకరులో మగ్గం వినిపిస్తుంది, పెద్ద డబ్బాలో 808 నేలను కదిలిస్తుంది.

మనిషి చేతితో ఆడే మగ్గం గడియారంలా నడవదు, ఒక దెబ్బ కొంచెం ముందు, మరొకటి కొంచెం వెనుక పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో క్వాంటైజ్ అనే మీట నొక్కితే ఆ తేడాలన్నీ సర్దుకుపోయి, దానితో పాటు ప్రాణం కూడా పోతుంది. డెట్రాయిట్‌కు చెందిన జే డిల్లా అనే బీట్ నిర్మాత, శబ్దాలను వేళ్లతో నొక్కి వాయించే ఎంపీసీ యంత్రం మీద ఆ మీటను తరచుగా పక్కన పెట్టి, వేళ్లతోనే డ్రమ్ములు వాయించి, లయలో ఆ తూగును నిలబెట్టుకున్నాడు. ఆయన 2006 ఫిబ్రవరిలో మరణించాడు, ఆయన వాడిన ఎంపీసీని ఈనాడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో భద్రపరిచారు. ఆయన బీట్లు వింటూ తాతగారి మగ్గం వింటే, తూగు ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో నాకు తెలుస్తుంది.

ఇక మాట విషయానికి వస్తే, మనకున్న ఛందస్సు బలం ర్యాపర్లకు ఎంత పనికొస్తుందో తెలుగువారే గుర్తించడం లేదని నా బాధ. ర్యాప్‌లో ఒక బార్ అంటే నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బను నాలుగుగా విడగొడితే పదహారు అరలు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అనే మన లెక్కలో అది అచ్చంగా చతురస్ర గతి. మా మేనల్లుడికి నేర్పడానికి మగ్గం బీట్ మీదే రెండు పాదాలు కట్టాను:

మగ్గం చప్పుడు వీధికి తాళం
నెగ్గిన చేతులు నేసిన కాలం

ఒక్కో పాదానికి పదహారు మాత్రలు, ఒక్కో మాటకు నాలుగు. రెండో అక్షరం గ్గ కలవడంతో ప్రాస కుదిరింది, చివర తాళం, కాలం కలవడంతో అంత్యప్రాస కూడా వచ్చింది. అయితే దీన్ని ఉన్నది ఉన్నట్టుగా బీట్ మీద చదివితే బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంటుంది, ఎందుకంటే ప్రతి మాటా సరిగ్గా దెబ్బ మీదే పడుతుంది. అందుకని మొదటి మాటను అర దెబ్బ ఆలస్యంగా ఎత్తుకుని, "వీధికి" అన్న మాటను సాగదీసి, "తాళం" దగ్గర మళ్లీ దెబ్బను అందుకోమని చెప్పాను. వాడు పదే పదే చదివి చదివి, చివరికి బీట్ వింటూ నవ్వుతూ చదవగలిగినప్పుడు ఆ రెండు పాదాలు ర్యాప్ అయ్యాయి.

తెలుగులో వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి, వచ్చాను, చూశాను, చేశాను అంటూ ఎన్ని పాదాలకైనా చివర అంత్యప్రాస దానంతట అదే వచ్చి పడుతుంది. కొత్తగా రాసేవారిలో నూటికి తొంభై మంది అక్కడే ఆగిపోతారు, వినేవారికి మూడో పాదానికే విసుగు పుడుతుంది. పాదం మొదట్లో ప్రాసను, నడుమ యతిని కాపాడిన మన పద్యకవుల అలవాటును అందిపుచ్చుకుంటే, చివరి క్రియను వదిలేసి పాదం లోపల ధ్వనులను కలపవచ్చు. వేమన ఆటవెలది పద్యాలు కంఠస్థం చేసిన కుర్రాడికి ఈ కిటుకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఒడిశా సరిహద్దులో ఉన్న మాకు మరో వరం ఉంది. హిందీలో చాలా మాటల చివరి అచ్చు పలుకుబడిలో రాలిపోతుంది గాని ఒడియాలో నిలుస్తుంది, తెలుగులోనూ మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. అందువల్ల నా తెలుగు పాదం చివర ఒడియా మిత్రుడి పాదం ఎక్కడా కుదుపు లేకుండా అతుకుతుంది, ప్రాస కూడా రెండు భాషల మీదుగా నడుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అప్పటి నుంచీ ఇప్పటిదాకా ఇక్కడి ఇళ్లలో రెండు భాషలూ కలిసే తిరుగుతున్నాయి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషను నేర్చి, దానికి నిఘంటువు కూర్చి, జనం మాట్లాడే తెలుగుకు పుస్తకాల్లో చోటు కావాలని పోరాడారు. మా యాసలో, మా ఇంటి మాటలతో ర్యాప్ రాయడానికి సంకోచించే పిల్లలకు నేను ఆయన పేరే చెబుతాను. హైదరాబాద్ ర్యాపర్ల పలుకును అరువు తెచ్చుకోవలసిన అవసరం మనకు లేదు.

మాటా, బీటూ ఒకే చేతిలో ఉన్నవారి జీవితాల్లో అమెరికాలో పెరిగిన ర్యాపర్ ఎంఎఫ్ డూమ్‌ది నాకు ఎంతో ధైర్యమిచ్చిన కథ. తమ్ముడితో కలిసి నడిపిన బృందం రెండో ఆల్బమ్ పూర్తి కాకముందే 1993లో ఆ తమ్ముడు మరణించాడు, 1994లో ఎలెక్ట్రా కంపెనీ ఆ ఆల్బమ్‌ను విడుదల చేయకుండా ఆపి ఒప్పందం తెంచుకుంది. కొన్నేళ్ల తరువాత ఆయన ముఖానికి లోహపు ముసుగు వేసుకుని తిరిగి వచ్చి, 1999లో ఒక చిన్న స్వతంత్ర సంస్థ ద్వారా తన తొలి సోలో ఆల్బమ్ తెచ్చాడు, అందులో అధిక భాగం బీట్లు ఆయన చేసినవే. ఆ తరువాత మాటలు లేని ఉత్త బీట్లను వేరే పేరుతో వరుస ఆల్బములుగా విడుదల చేశాడు. ర్యాపర్‌గా ఆయన మౌనంగా ఉన్న రోజుల్లో కూడా బీట్ నిర్మాతగా ఆయన పని జనంలో తిరుగుతూనే ఉంది. ఒకే మనిషికి రెండు విద్యలుంటే వృత్తికి దొరికే ఆధారం అదే. లాస్ ఏంజెలిస్ ర్యాపర్ నిప్సీ హసల్ 2013లో తన మిక్స్‌టేప్‌ను (పాటల సంకలనాన్ని) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తూనే, దాని 1000 ప్రతులను ఒక్కొక్కటి 100 డాలర్లకు అమ్మాడు. మాస్టర్ చేతిలో ఉన్నవాడికే ధర నిర్ణయించే అధికారం ఉంటుంది.

మన దేశంలోనూ బీట్ నిర్మాత పేరు ఇప్పుడు పాట ముందుకు వచ్చింది. 2024లో హనుమాన్‌కైండ్ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలోకి ఎక్కినప్పుడు, బీట్ చేసిన కల్మీ పేరు కూడా ర్యాపర్ పేరు పక్కనే కనిపించింది. కలహండి నుంచి వచ్చిన దులేశ్వర్ టాండీ 2020లో వలస కూలీల కష్టాల మీద ర్యాప్ చేసి ఒడిశా దాటి పేరు తెచ్చుకున్నాడు. పెద్ద నగరంలో ఉంటేనే వింటారనే మాటను మా జిల్లాల పిల్లలు ఇక నమ్మనక్కరలేదు.

పేరు రాగానే సంతకం కోసం కాగితాలు వస్తాయి. అప్పుడు చూడవలసిన సంగతులు చట్టంలోనే ఉన్నాయి, ఇవి ఎవరూ మనకు చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. హక్కును బదిలీ చేసే ఒప్పందం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో ఎంత కాలానికని రాయకపోతే 5 సంవత్సరాలకేనని, ఏ ప్రాంతానికని రాయకపోతే భారతదేశానికేనని చట్టం భావిస్తుంది. హక్కు తీసుకున్నవారు ఒక సంవత్సరంలోగా దాన్ని వినియోగించకపోతే, ఒప్పందంలో వేరే విధంగా రాసి ఉంటే తప్ప, ఆ బదిలీ చెల్లదు. 2012 సవరణ తరువాత, పాట రాసినవారు, స్వరపరచినవారు తమ రాయల్టీ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ వదులుకోలేరు, వదులుకున్నట్టు కంపెనీ రాయించుకున్నా అది నిలవదు. ఆ వాటాను వసూలు చేసి పంచే సొసైటీ ఐపీఆర్ఎస్, అందులో సభ్యత్వం తీసుకోకుండా పాటలు విడుదల చేస్తున్నవారిని చూస్తే నాకు నిజంగా దిగులు కలుగుతుంది. "శాశ్వతంగా", "ప్రపంచమంతటా", "ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో" అనే మాటలు కనిపిస్తే సంతకం ఆపి, తెలిసిన న్యాయవాదికి చూపించాలి.

స్ట్రీమింగ్ మీద ఆదాయం గురించి పెద్ద ఆశలు పెట్టుకోవద్దని చెబుతాను. స్పాటిఫైలో 2024 నుంచి గడచిన 12 నెలల్లో కనీసం 1000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ రాదు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1000 మంది చందాదారులతో పాటు, ఒక సంవత్సరంలో 4000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు గానీ కావాలి. నా ఇల్లు నడిపేది ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి వచ్చే భక్తి పాటల గాయకులు, పెళ్లి వీడియోలకు సంగీతం అడిగేవారు, దుకాణాల ప్రచారానికి చిన్న పాటలు చేయించుకునేవారు. ఈ పనులను కళ కాదని చిన్నచూపు చూసే కుర్రాళ్లతో నేను ఏకీభవించను. అమ్మవారి పాటలో డప్పును, గొంతును తగువు లేకుండా సర్దడం నేర్చుకున్నాకే నా ర్యాప్‌లో మాట స్పష్టంగా వినిపించడం మొదలైంది.

రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో బరంపురం వీధులు పులివేషాలతో, డప్పులతో రాత్రంతా మేలుకుంటాయి. అక్కడి జనం ముందు మైకు పట్టుకున్నప్పుడు, ఎవరి చెవులకూ హెడ్‌ఫోన్ ఉండదు, మాట సగం అర్థమై సగం గాలిలో కలిసిపోతుంది, నిలబెట్టేది హుక్ (జనం తిరిగి అందుకునే పల్లవి), కిక్, రెండే. అందుకే బయట వాయించే పాటలకు నేను హుక్‌ను నాలుగైదు మాటలకు మించనివ్వను, అందులో ఒక ఒడియా మాట తప్పక ఉండేలా చూస్తాను. జనం ఆ మాటను తిరిగి అందిస్తే రెండో చరణానికి వెళతాను, లేకపోతే హుక్‌నే మరోసారి అందుకుంటాను.

ఇప్పుడు మగ్గం బీట్ మీద చేస్తున్న పాటలో తెలుగు చరణం మా మేనల్లుడిది, ఒడియా చరణం మా మిత్రుడిది, బీట్, మిక్సింగ్ నావి. రికార్డింగ్‌కు ముందే ఒక కాగితం మీద సాహిత్యం వాటా ఎవరికెంత, సంగీతం వాటా ఎవరికెంత, మాస్టర్ ఎవరి పేరున అన్నది రాసి ముగ్గురం సంతకాలు చేశాము. మగ్గం శబ్దానికి వాటా ఇవ్వాలని చట్టంలో లేదు, అయినా చేతులు ఆయనవి, లయ ఆయనది కాబట్టి మాస్టర్ ఆదాయంలో తాతగారికి కూడా ఒక భాగం రాశాము. ఆ సంగతి చెప్పడానికి వెళితే, "నాకు డబ్బులేటి బాబూ, నా పేరెయ్యండి చాలు" అన్నారు. పేరూ వేస్తాము, వాటా కూడా ఇస్తాము. ఐపీఆర్ఎస్ సభ్యత్వానికి మా మేనల్లుడి దరఖాస్తు నింపడం మాత్రం ఇంకా మిగిలి ఉంది, పాట విడుదలకు ముందే అది పూర్తి చేయాలని వాడి వెంటబడుతున్నాను.